విదేశీ క్యాంపస్‌లో వికలాంగ దళిత విద్యార్థి: ఖర్చు ఎవరి ఖాతాలో?

సదరం క్యాంపులో డాక్టర్లు తేల్చేది ఒక అంకె. 40 శాతం, 65 శాతం, 80 శాతం. పింఛన్‌కీ, బస్‌పాస్‌కీ, రిజర్వేషన్‌కీ మన దగ్గర ఆ అంకే ఆధారం. అదే కాగితం పట్టుకుని లండన్‌లోనో టెక్సాస్‌లోనో యూనివర్సిటీ డిసెబిలిటీ ఆఫీసుకు వెళ్తే శాతంతో పని జరగదు. బోర్డు ఎంత దూరం నుంచి కనిపిస్తుంది, ఎంతసేపు రాయగలరు, ల్యాబ్‌లో ఏం ఇబ్బంది అని అడుగుతారు. వీటికి జవాబుగా ఇంగ్లిష్‌లో, ఈమధ్యే రాసిన డాక్టరు రిపోర్టు కావాలంటారు. అది ఇక్కడ ప్రైవేటుగా డబ్బు పెట్టి చేయించుకోవాల్సిందే. మాకు తెలిసిన ఒక మిత్రుడు, చూపు తక్కువ, మాదిగవాడ నుంచి వెళ్లినవాడు. ఆ రిపోర్టు చేతికందేసరికి మొదటి సెమిస్టర్ సగం అయిపోయింది. ఆ సగం కాలం స్లయిడ్లను ఫోన్‌తో ఫొటో తీసుకుని, పెద్దవి చేసుకుని చదువుకున్నాడు.

చట్టాలు లేక కాదు. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ప్రకారం వికలాంగ విద్యార్థికి తగిన మార్పులు చేయడం యూనివర్సిటీ బాధ్యత. పాస్‌పోర్టు ఏ దేశానిదైనా తేడా లేదు. అమెరికాలో 1973 పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి ఏడీఏ కూడా అంతే. తేడా అంతా డబ్బు దగ్గరే వస్తుంది. బ్రిటన్ విద్యార్థికి అక్కడి ప్రభుత్వం డిసేబుల్డ్ స్టూడెంట్స్ అలవెన్స్ ఇస్తుంది. దాని గరిష్ఠ పరిమితి ఏడాదికి 25 వేల పౌండ్ల పైమాటే. స్క్రీన్ రీడర్, నోట్స్ రాసే మనిషి, ప్రయాణాల అదనపు ఖర్చు దీని నుంచి వెళ్తాయి. విదేశీ విద్యార్థికి ఇది వర్తించదు. యూనివర్సిటీ తన సొంత నిధి నుంచి ఇవ్వాలి, ఆ నిధి ఎంతన్నది ఆ యూనివర్సిటీ ఇష్టం.

అమెరికాలో క్లాసులో సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ను యూనివర్సిటీ పెడుతుంది. కానీ స్నానానికి, బట్టలు వేసుకోవడానికి సాయపడే మనిషి, వీల్‌చెయిర్, హియరింగ్ ఎయిడ్ లాంటివి 'వ్యక్తిగతం', వాటి బాధ్యత తమది కాదని నిబంధనలే చెబుతాయి. ఎఫ్-1 వీసాది మరో చిక్కు. ప్రతి సెమిస్టర్ పూర్తి కోర్సు తీసుకోవాలి. ఆరోగ్య కారణంతో తగ్గించుకోవచ్చు గానీ ముందే అనుమతి కావాలి, ఒక డిగ్రీ స్థాయిలో అన్నీ కలిపి 12 నెలలు మించకూడదు. ఈ నియమం రాసినవాళ్ల మనసులో ఉన్నది తగ్గిపోయే జబ్బు. పోలియో కాలు పన్నెండు నెలల్లో తగ్గదు.

మరి యూనివర్సిటీ ఇవ్వని ఆ సాయం ఎక్కడి నుంచి వస్తుంది? రూమ్మేట్ల నుంచి. అమెరికాకు వెళ్లే మనవాళ్లు ఎక్కువగా తెలుగువాళ్లతోనే ఇల్లు పంచుకుంటారు. సరుకులకు కారులో తీసుకెళ్లేది, మంచు పడినప్పుడు బస్‌స్టాప్ దాకా తోడొచ్చేది వాళ్లే. 'మీరేవాళ్లు?' అనే ప్రశ్న కూడా అక్కడే ఎదురవుతుంది. కాళ్లూ చేతులూ ఆడే దళిత విద్యార్థి ఆ ఇల్లు నచ్చకపోతే వేరే ఇల్లు చూసుకుంటాడు. రోజూ ఒకరి సాయం కావాల్సినవాడు అడిగినదానికి అబద్ధం చెబుతాడు, లేదా నిజం చెప్పి సాయం మానేస్తారేమోనని బిక్కుబిక్కుమంటూ ఉంటాడు. డిసెబిలిటీ ఆఫీసు ఫారంలో ఈ ఇబ్బందికి గడి లేదు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చింది, మంచిదే. రాష్ట్రమంతటికీ తేవాలనుకున్న బిల్లును 2023లో గవర్నర్ వీటో చేశారు. అయినా ఏ విధానమైనా వంటింట్లో జరిగేదాన్ని ఎంతవరకు ఆపగలదు? సాయం కోసం రూమ్మేట్ల దయ మీద ఆధారపడే అవసరమే లేకుండా చేయాలన్నది మా వాదన. అందుకు డబ్బు కావాలి.

ఆ డబ్బు ఇవ్వాల్సింది మన స్కాలర్‌షిప్పులు. కేంద్రం ఎస్సీలు తదితరులకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 125 సీట్లున్నాయి, 115 ఎస్సీలకు. వికలాంగులకు (ప్రభుత్వ భాషలో 'దివ్యాంగులు', ఆ దివ్యత్వం మాకు అక్కర్లేదు) వేరే శాఖ కింద ఇదే పేరుతో మరో పథకం ఉంది. ఏడాదికి 20 సీట్లు, అందులో 6 మహిళలకు. దళితుడూ వికలాంగుడూ అయిన మనిషి ఒక్కడే, పథకాలు మాత్రం రెండు శాఖల్లో రెండు. ఎస్సీ పథకం మార్గదర్శకాల్లో కంటింజెన్సీ కింద బ్రిటన్‌కు ఏడాదికి 1,100 పౌండ్లు, మిగతా దేశాలకు 1,500 డాలర్లు రాశారు. దేనికి? పుస్తకాలు, పరికరాలు, స్టడీ టూర్, థీసిస్ టైపింగ్, బైండింగ్. టైపింగ్, బైండింగ్ గుర్తొచ్చాయి, చదివి వినిపించే మనిషి గుర్తురాలేదు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు కూడా అందరికీ ఒకే కొలత.

పైగా ఆలస్యం. 2025లో కేంద్ర పథకానికి ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక పత్రాలు అందాయి, మిగతావారికి నిధులుంటేనే అన్నారు. ఆఖరి నిమిషంలో డబ్బొస్తే మామూలు విద్యార్థి విమానం ఎక్కేయగలడు. వీల్‌చెయిర్ వాడే అమ్మాయికి అడుగు అంతస్తులో గది, ర్యాంపు, సహాయకురాలు, ఇవన్నీ నెలల ముందు కుదుర్చుకోవాలి. గడువు కూడా లెక్కే. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ ముగియడంతో 1917లో బాబాసాహెబ్ లండన్ చదువు సగంలో వదిలి రావలసి వచ్చింది. పీహెచ్‌డీకి నాలుగేళ్లే అంటే, పేజీ చదవడానికి ఇతరులకంటే రెట్టింపు సమయం పట్టేవారికి అది ఏ నాలుగేళ్లు?

40 శాతం లేకపోయినా పరీక్షలో స్క్రైబ్‌ను ఇవ్వాలని 2021లో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. చూడాల్సింది శాతాన్ని కాదు, అవసరాన్ని. అదే సూత్రం స్కాలర్‌షిప్పులకూ రావాలి. ఈ మార్గదర్శకాలు 2025-26 వరకు రాసినవి. తర్వాతి వాటిలో వైకల్య ఖర్చు పేరుతో వేరే పద్దు పెట్టి, అసలు బిల్లుల మీద చెల్లించాలి, గడువు పొడిగించాలి. ఎంపికైన వెంటనే రిపోర్టు ప్రభుత్వ ఆస్పత్రిలోనే ఉచితంగా ఇంగ్లిష్‌లో రాయించాలి. ఏటా కొద్దిమందే కాబట్టి ఖర్చెంతో కాదు. సంఘాలు వినతిపత్రం ఇచ్చేటప్పుడు సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కిందే ఉన్న రెండు విభాగాలకూ ఒకే కాగితం ఇవ్వాలి. లేకపోతే ఈయన ఆయన్ని, ఆయన ఈయన్ని చూపిస్తారు.