గృహవినోదములు: పెరటిలో రైలుబండి

ఒక సోదరి మాకిట్లు వ్రాసియున్నారు: "మావారును, పదేండ్ల కుమారుడును కూడి బొమ్మ రైలుబండికి పట్టాలు పరచుట మొదలిడిరి. మొదట నది బల్లమీద నుండెను; పిదప నడవలోనికి వచ్చెను; ఇప్పుడు పూజగది గడప తాకినది. వలదన్నచో పిల్లవాడు కన్నీరు పెట్టుకొనును. సరే యన్నచో నాకు నడచుటకు దారి లేదు. ఏమి చేయుదును?"

సోదరీ! ఈ చిక్కు మీ యొక్కరిదే కాదు. ఇంగ్లండులో బీకన్స్‌ఫీల్డు అను నూరు గలదు. అచ్చట రోలండ్ కాలింగ్‌హామ్ అను లెక్కల నిపుణుని యింటిలోను బొమ్మ రైలు ఇట్లే పెరిగెను. ఇంట ఆ రైలైన నుండవలెను, తానైన నుండవలెనని ఆయన భార్య తేల్చి చెప్పెనని ఒక కథ వాడుకలో నున్నది. రైలు తోటలోనికి వెడలెను. తోటమాలియు, ఇంటి పనివారును చేయి కలిపిరి. ఈతకొలను సముద్రమయ్యెను, పట్టాల ప్రక్కన చిన్న యిండ్లు, అంగళ్లు, స్టేషనులు లేచెను. 1929లో నిట్లు వెలసిన బెకన్‌స్కాట్ అను బొమ్మ గ్రామమును నేటికిని జనులు చూడబోవుచున్నారు; ఆ రాబడి ధర్మకార్యములకు వినియోగమగుచున్నది.

ఈ కథ చెప్పి లోకులు ఆ యిల్లాలిని గయ్యాళిగా నెంచి నవ్వుదురు. మేము నవ్వము. ఆమె ఆటను మాన్పలేదు; దానికి తగిన చోటు చూపినది. ఇల్లాలు నోరు విప్పనిచో ఆ రైలు నాలుగు గోడల నడుమనే మిగిలియుండెడిది.

కావున మీరును పెరటి దారి చూపుడు. అయితే నేల మీరే కొలిచి గీత గీయుడు. తులసికోట, బావిగట్టు, బట్టలారవేయు దండెము గీతకు వెలుపల నుండవలెను.

తోట రైళ్లకు 45 మిల్లీమీటర్ల యెడముగల పట్టాలు వాడుక. 1968లో జర్మనీలోని లేమన్ కంపెనీవారు ఎల్.జీ.బీ. పేర తెచ్చిన బండ్లు వీనిపైననే నడచును. వారి పట్టాలలో మిక్కిలి చిన్న వంపుతో చుట్టు వేసినను అడ్డముగా నాలుగడుగులు పట్టును. పెద్ద వంపైనచో బండి సుఖముగా తిరుగును.

పట్టాలను వట్టి మన్నుపై పరవరాదు. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును. జానెడు లోతు త్రవ్వి, కంకర దట్టించి, నీరు పోవు దారి యుంచవలెను. ఎండకు లోహము సాగును గనుక అతుకుల కడ కొంచెము సందు విడువవలెను. ఎగుడు నూరంగుళములకు రెండంగుళములు మించరాదు. ఇత్తడి పట్టాలకు చిలుము పట్టినచో విద్యుత్తు సరిగా అందదు, తుడుచుచుండవలెను. ఇంటి దీపములకు వచ్చు విద్యుత్తును సూటిగా పట్టాలకు ఇయ్యనే కూడదు. దానిని తగ్గించు పెట్టె చూరు క్రిందనే యుండవలెను. సాయంకాలము బండ్లను లోనికి తెచ్చుట పిల్లవాని పని. పట్టాల ప్రక్కన మరువము నాటినచో చిన్న బండికది పెద్ద వృక్షమువలె నుండును.

మొదట ఒక్క చుట్టే వేయుడు. అది ఒక వానకాలము చెడక నిలిచిన పిదపనే రెండవ చుట్టు, వంతెన, సొరంగము. పెంచవలసినప్పుడెల్ల మరల మీ గీత ముందు ముగ్గురును కూర్చుండి మాటలాడుకొనుడు.

ఇంకొక మాట. బండి నడుచు సాయంకాలములందు మీరు వంటయింటి కిటికీ నుండి చూచుటతో తృప్తిపడకుడు. ఒక స్టేషనునకు మీ పుట్టినూరి పేరు పెట్టించి, బండిని మీ చేతితో నడిపి చూడుడు. పిమ్మట మాకు వ్రాయుడు.