రాష్ట్రం విడిపోయింది, రిష్తా ఎందుకు తెగాలి?



ఏటా జూన్ 2 వచ్చిందంటే మన ఖాందాన్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక వింత కనిపిస్తుంది. వరంగల్, నల్గొండ, కరీంనగర్ వైపు చుట్టాలు పొద్దున్నే ‘తెలంగాణ ముబారక్’ అని పెడతారు. కర్నూలు, కడప, గుంటూరు వైపు చుట్టాలు చూసి కూడా ఖామోష్‌గా ఉంటారు. సాయంత్రానికి ఎవరో ఒకరు పాత గాయం గెలుకుతారు. ‘మమ్మల్ని వెళ్లగొట్టారుగా’ అని అటువైపు, ‘మీరు దోచుకుంది చాలదా’ అని ఇటువైపు. చివరికి ఏ ఖాలా అమ్మీయో ‘బస్ కరో బేటా’ అంటే తప్ప ఆగదు.

ఇన్నేళ్లయినా ఎందుకిలా? అయిపోయిన ఫైసలా గురించి ఇప్పుడు లొల్లి ఎందుకని చాలామంది అడుగుతారు. నా జవాబు ఒక్కటే. ఫైసలా అయిపోయింది గానీ, ఆ ఫైసలా వల్ల వచ్చిన మసలాలు ఇంకా మన పిల్లల సర్టిఫికెట్లలో, మన వక్ఫ్ కాగితాల్లో నడుస్తూనే ఉన్నాయి. వాటి గురించి రెండు వైపుల వాళ్లం కూర్చుని మాట్లాడుకోవాలంటే ముందు ఒకరినొకరు ‘గద్దార్’ అనుకోవడం మానాలి.

ఈ బీమారీ మనకొక్కరికే లేదు. బ్రిటన్‌ను చూడండి. 2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని అక్కడి ప్రజల్ని అడిగారు. 51.9 శాతం బయటికన్నారు, 48.1 శాతం ఉందామన్నారు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చింది. ఈ మధ్యలో ఒకే ఇంట్లో అబ్బాజాన్ ఒక వైపు, బేటీ ఒక వైపు అయిన కథలు ఎన్నో విన్నాం. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లకూ ఆ ఓటు ఉంది. కామన్వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో నివసిస్తుంటే ఓటు వేయొచ్చు. అంటే ఇండియా పాస్‌పోర్టు ఉన్న మనవాడికి ఓటు ఉంది, పక్కింట్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఫ్రెంచి వాడికి లేదు! మనవాళ్లు ఎక్కువగా ఉండే లెస్టర్‌లో స్వల్ప తేడాతో ‘ఉందాం’ గెలిచింది. బర్మింగ్‌హామ్‌లో అంతే స్వల్ప తేడాతో ‘పోదాం’ గెలిచింది.

ఇది చెప్పగానే ఆంధ్ర వైపు మిత్రులు అంటారు: ‘చూశారా, వాళ్లు కనీసం అడిగారు, మమ్మల్ని ఎవరడిగారు?’ సవాల్ సహీ. కానీ దలీల్ ఇంకాస్త దూరం నడిపిద్దాం. ఎవరిని అడగాలి? ఆస్తులు, అప్పుల పంపకానికి తీసుకున్న జనాభా లెక్క ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్ర 58.32 శాతం, తెలంగాణ 41.68 శాతం. మొత్తం రాష్ట్రాన్ని అడిగితే తెలంగాణ ఎన్నటికీ గెలవదు. తెలంగాణనే అడిగితే ఆంధ్రకు మాట ఉండదు. బ్రిటన్‌లోనూ ఇదే తకరార్. స్కాట్లాండ్‌లో 62 శాతం ‘ఉందాం’ అన్నారు, అయినా మొత్తం దేశం లెక్కలో వాళ్లు కూడా బయటికి రావాల్సి వచ్చింది. అంటే ఓటు పెట్టగానే ఇన్సాఫ్ జరిగిపోదు. ఎవరి ఓట్లు ఒక కుప్పగా లెక్కిస్తామన్న దగ్గరే సగం ఫైసలా అయిపోతుంది.

ఇక తెలంగాణ వైపు మాట. కలిపేటప్పుడు మమ్మల్ని అడిగారా అని వాళ్లు 1956 నుంచి అడుగుతూనే ఉన్నారు. ఇదీ సహీ సవాలే. జస్టిస్ ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ 1955లో ఇచ్చిన సిఫార్సు మనలో చాలామందికి తెలియదు. తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా కొన్నాళ్లు విడిగానే ఉంచండి, 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత అక్కడి అసెంబ్లీ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపండి అని కమిషన్ చెప్పింది. అంత ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని, నవంబర్ 1న కలిపేశారు. నిఖాలో ఈజాబ్, ఖుబూల్ రెండూ కావాలి. ఇక్కడ ఖుబూల్ సరిగా వినకుండానే దావత్ పెట్టేశారు.

ఆ వాదాలు అమలు కాలేదన్న గుస్సాతో 1969 ఉద్యమం వచ్చింది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి ఇక్కడి 14 సీట్లలో 10 గెలిచింది. మరోవైపు 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పగానే ‘జై ఆంధ్ర’ ఉద్యమం లేచింది. అప్పుడు విడిపోతామన్నది ఆంధ్రవాళ్లు! ఈ సంగతి ఇరువైపులా మర్చిపోయారు. విడిపోవాలని అడగడం గద్దారీ అయితే రెండు వైపులా ఆ పని చేశాయి.

2009 డిసెంబర్ 9న కేంద్రం ప్రకటన చేసింది, రెండు వారాలకే డిసెంబర్ 23న వెనక్కి తగ్గింది. శ్రీకృష్ణ కమిటీ ఆరు మార్గాలు రాసింది. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. 2013లో సీమాంధ్ర వీధుల్లోకి వచ్చింది. 2014 జనవరి 30న అసెంబ్లీ బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా, దాన్ని పాస్ చేసింది. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీ ఒప్పుకోనక్కర్లేదు, అభిప్రాయం అడిగితే చాలు. కానూను పరంగా తప్పు లేదు. కానీ కోట్లమంది జీవితాల ఫైసలా తెర వెనక జరిగిందన్న భావన అటువైపు మిగిలిపోయింది. తెలంగాణ డిమాండ్ జాయజ్ అని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. ఆ చివరి రోజుల తరీఖా మాత్రం ఓడినవాళ్ల దిల్ గెలిచేది కాదు.

ఇప్పుడు మన ఖౌమ్ సంగతి. ముస్లింలంతా ఒకే మాట మీద ఉన్నారని బయటివాళ్లు అనుకుంటారు. లేరు. మజ్లిస్ మొదట సమైక్య రాష్ట్రం అన్నది, విడదీయక తప్పకపోతే రాయలసీమను కలిపి రాయల-తెలంగాణ అన్నది. జిల్లాల్లోని తెలంగాణ ముస్లిం యువకులు చాలామంది ఉద్యమంలో నడిచారు, ధూమ్ ధామ్ సభల్లో పాడారు. రాయలసీమ ముస్లింలకు వేరే ఫికర్. 2011 జనాభా లెక్కల్లో ముస్లింలు తెలంగాణ జిల్లాల్లో సుమారు 12.7 శాతం, మిగిలిన ఆంధ్రలో 7.3 శాతం. హైదరాబాద్ దూరమైతే మన గొంతు ఎవరు వింటారు, ఉర్దూ తాలీమ్ ఏమవుతుంది అని వాళ్లు భయపడ్డారు. ఇటు నౌకరీ కోసం పోరాడిన వాడి బాధ అసలైనదే, అటు తక్కువైపోతామన్న వాడి డర్ కూడా అసలైనదే.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో మనవాళ్లు కొందరు గుంటూరు, ప్రకాశం నుంచి వచ్చిన ముస్లింలను వాళ్ల తెలుగు చూసి ఎగతాళి చేస్తారు. దూదేకుల, నూర్‌బాషా బిరాదరీ వాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడితే ‘ఆధే ముసల్మాన్’ అనడం నా చెవులతో విన్నాను. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన వాణ్ణి. రెండు జబాన్‌లూ నావే. జబాన్‌తో ఈమాన్‌ను తూచే తరాజు ఎవరిచ్చారు మనకు?

సికింద్రాబాద్‌లో కూర్చుని ‘సీమవాళ్లతో మాకేం’ అనేవాళ్లకు ఒక తారీఖీ సంగతి. 1800లో నిజాం అలీ ఖాన్ కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను ఇంగ్లీషు కంపెనీకి వదిలేశాడు. ఎందుకు? తన గడ్డ మీద ఉంచిన కంపెనీ ఫౌజు ఖర్చు కింద. ఆ ఫౌజు ఛావనీకే 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. సీమను ఇచ్చేసిన ధరతో నిలిచిన ఊరు మనది.

ఈ ఊళ్లో విభజన ఇంకా నడుస్తూనే ఉంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించారు. విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లను మన రైల్ నిలయం కింది నుంచి తీసి అందులో కలపాలన్నది ఆ ఫైసలా. రైల్వే ఉద్యోగుల ఇళ్లల్లో ‘ఇక్కడా, అక్కడా’ అన్న మాట మళ్లీ మొదలైంది.

2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు తీరింది, చదువుల్లో పాత ప్రవేశ కోటాల పదేళ్ల గడువు కూడా తీరింది. స్థానికతను ఇప్పుడు చదివిన ఊళ్లు, ఏళ్లు చూసి తేలుస్తారు. కర్నూలు నానీ ఇంట్లో ఉండి చదివిన పిల్ల ఇక్కడ లోకల్ కాకపోవచ్చు. బ్రిటన్ బయటికొచ్చేటప్పుడు, అప్పటికే అక్కడ బతుకుతున్న యూరప్ వాళ్లు దరఖాస్తు పెట్టుకుని ఉండిపోయే దారి ఒకటి చూపింది. రెండు ఇళ్ల మధ్య పెరిగిన మన పిల్లలకూ అలాంటి దారి కావాలని రెండు సర్కార్లనూ అడగాలి.

రెండోది, 4 శాతం రిజర్వేషన్. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈ కోటా ఇటూ అటూ నడుస్తున్నది సుప్రీంకోర్టు 2010 మార్చి 25న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలోనే. రాష్ట్రాలు రెండైనా కేసు ఒక్కటే. అక్కడ ఓడితే ‘ఆంధ్ర ముస్లిం’, ‘తెలంగాణ ముస్లిం’ అని చూసి పోదు, ఇద్దరిదీ పోతుంది. ఈ ముఖద్దమా కోసం రెండు వైపుల వకీళ్లు, ఆలోచనాపరులు ఒక్కచోట కూర్చోవడం మొదలుపెట్టాలి.

మూడోది వక్ఫ్. బోర్డులు రెండయ్యాయి. జాయ్‌దాద్‌ల పాత రికార్డు మాత్రం ఉమ్మడి కాలంలో తయారైందే. మీ ఊరి దర్గా, ఖబరస్తాన్ భూముల పాత గెజిట్ నకళ్లు, ముతవల్లీల కాగితాలు ఇటు చుట్టం దగ్గర ఉంటే అటు వాళ్లకు పంపండి. కబ్జా చేసేవాడికి మీ ప్రాంతం ఏదన్న పట్టింపు లేదు.

నా అర్జీ ఇంతే. వచ్చే జూన్ 2న తెలంగాణ వాళ్లు ముబారక్ చెప్పండి, అది మీ హక్. దానితో పాటు సీమ సమ్‌ధీకి ఫోన్ చేసి పిల్లల అడ్మిషన్ సంగతి ఏమైందో అడగండి. ఆంధ్ర వాళ్లు ఆ ముబారక్‌కు ‘షుక్రియా’ అనండి, అంతకు మించి ఒప్పుకోమని ఎవరూ అడగడం లేదు. తర్వాత ఇద్దరూ కలిసి ఆ పాత వక్ఫ్ కాగితాల పెట్టె తెరవండి.