ఢిల్లీ లేఖ: విమానం మీది రెండక్షరాలు

రాజధాని విమానాశ్రయంలో దిగే స్వదేశీ విమానాల మీద వి.టి. అనే రెండక్షరాలు కనిపిస్తాయి. ఇవి ‘వైస్రాయి టెరిటరీ’ అనే మాటలకు పొడి అక్షరాలనీ, స్వతంత్ర భారతం ఈ దాస్య చిహ్నాన్ని ఇంకా మోయడం అవమానమనీ అనేవారు ఇక్కడ తక్కువమంది లేరు. పార్లమెంటులో ఈ మాట వచ్చింది; 2022లో ఢిల్లీ హైకోర్టు గడప కూడా తొక్కింది. ఆ ఆగ్రహం అర్థం చేసుకోదగినదే. కాని చరిత్ర వేరుగా వున్నది.

ఇవి నిజానికి రేడియో సంకేతాక్షరాలు. వినవచ్చిన పిలుపు ఏ దేశపు నౌకదో, ఏ దేశపు కేంద్రానిదో వెంటనే తెలియడానికి 1927లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియో టెలిగ్రాఫ్ మహాసభ అక్షరాలను దేశాలకు పంచిపెట్టింది. ‘వి’ వరుసలో అధిక భాగం బ్రిటిష్ సామ్రాజ్యానికి దక్కగా, అందులో వి.టి. మొదలు వి.డబ్ల్యు. వరకు మన వాటాకు వచ్చాయి. ఆస్ట్రేలియా విమానాలు నేటికీ వి.హెచ్. అనే రాసుకుంటున్నాయి. అక్కడ ఏ వైస్రాయి ఏలాడు? సామ్రాజ్యపు వాసన వున్నమాట నిజమే గాని, వైస్రాయి కథ తర్వాత అల్లినది. ఆకాశవాణి ఢిల్లీకి వి.యు.డి., మద్రాసుకు వి.యు.ఎం. అనే పేర్లు వచ్చినదీ ఈ వరుసలోనుంచే.

మార్చుకోదలచినా దారి ఇరుకు. ఇండియాకు ‘ఐ’ కావాలంటే అది యావత్తూ ఇటలీది. భారత్‌కు ‘బి’ కావాలంటే అది చైనా వాటా. మనకే చెందిన ఎ.టి. వరుసనో, 8టి వరుసనో పుచ్చుకోవచ్చు. అప్పుడు ప్రతి విమానానికీ పత్రాలూ, పైరాతా మార్చవలసి వుంటుంది. చిత్రమేమంటే, ‘ఎ’ వరుసలో మన పొరుగు పాకిస్తానే. ఎ.పి. నుంచి ఎ.ఎస్. దాకా వారిది, ఎ.టి. నుంచి ఎ.డబ్ల్యు. దాకా మనది. ఇంత తగాదా లేని సరిహద్దు ఈ రెండు దేశాల మధ్య మరొకటి లేదేమో!

నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు. అమెరికాలో, పాత మినహాయింపులు కొన్ని తప్ప, మిసిసిపీ నదికి పడమటి కేంద్రాలకు ‘కె’, తూర్పు కేంద్రాలకు ‘డబ్ల్యు’. మన దేశంలో ఔత్సాహిక రేడియో వారికిచ్చే వి.యు.2, వి.యు.3 అనే అంకెలు లైసెన్సు తరగతిని తెలుపుతాయే గాని ప్రాంతాన్ని కాదు. (రాజీవ్ గాంధీ కూడా వి.యు.2 తరగతివాడే.) ప్రాంతాన్నిబట్టి ప్రత్యేకమైన అంకె దక్కినది ద్వీపాలకు: అండమాన్ నికోబార్‌కు వి.యు.4, లక్షద్వీప్‌కు వి.యు.7.

ఆ వి.యు.4 పేరిట ప్రసారం చేయడానికి ఢిల్లీ అనుమతి ఏళ్ళ తరబడి దొరకలేదు. ఎట్టకేలకు అది సంపాదించి, హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ చేరింది. 26వ తేదీన సునామీ విరుచుకుపడింది. టెలిఫోన్లు మూగబోయాయి. సరదాకని తెచ్చుకున్న ఆ పరికరాలే అప్పుడు ద్వీపవాసుల క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి అందించాయి. అనుమతి పత్రం ఇంకొక నెల ఏదో బల్లమీద నిద్రించి వుంటే ఆ పరికరాలు హైదరాబాదులోనే వుండేవి.

వి.టి. మీద ఆవేశంగా మాట్లాడే సభ్యులు వి.యు.4 మీద కూడా ఒక ప్రశ్న వేయవచ్చును. ఆ ద్వీపాలలో ఈనాడు ఎందరికి లైసెన్సులున్నవి, దరఖాస్తు పెట్టుకున్నవారు ఎన్నాళ్ళు వేచివుండవలసి వస్తున్నది అన్నదానికి మంత్రిగారు చెప్పే బదులు వినాలని నాకు వున్నది.