ఆవని గుడుల సాక్షిగా ఒక విన్నపం

బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,

అయ్యా, మీ పరిధిలోని ముళబాగిలు తాలూకా ఆవనిలో రాముడు, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుల పేర్లతో ఒకే ప్రాకారంలో వేర్వేరు లింగాలయాలున్నాయి. అన్నదమ్ములే అయినా ఎవరి గుడి వారిదే. కోలారు కాలేజీ తరగతిలోనూ ఇంతే. ఇంట్లో తెలుగు మాట్లాడి కన్నడంలో చదువుకున్న సరిహద్దు పల్లెల పిల్లలు, 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) కార్మికుల ఇళ్లలోని తమిళ పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. కూర్చున్నంత మాత్రాన గౌరవం పుట్టదు. యాసను వెక్కిరిస్తే నోరు మూసుకునే విద్యార్థి, తెలిసిన జవాబు కూడా చెప్పడు. ఏడాదికోసారి వేషభాషల పండుగ చేస్తే ఈ సమస్య తీరదు; తరగతి పనిలోనే ఇంటిభాషలకు చోటివ్వాలి.

అలా చోటిస్తే రాష్ట్రభాష కన్నడం పలచబడుతుందని కొందరి భయం. చిన్న భాషలు నలిగిన చోట్ల ఆ జాగ్రత్త అర్థం చేసుకోదగ్గదే. కానీ ఈ జిల్లా బిడ్డ మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంటిభాష తమిళం. ఆయన కన్నడ రచనకే 1983 జ్ఞానపీఠం వచ్చింది. ఇంటి తమిళం ఆయన కన్నడాన్ని పలచన చేయలేదు. కాబట్టి మొదటి సెమిస్టర్‌లోనే వేర్వేరు ఇంటిభాషల విద్యార్థులను జట్లుగా కలిపి, ఊరి శాసనాలూ గనిపనివాళ్ల మాటలూ సేకరించే పనిని మార్కులతో సహా పెట్టండి. ఒకరికి తెలిసిన భాష లేకుండా మరొకరి పని పూర్తికాని విధంగా దాన్ని రూపొందించమని కోరుతున్నాను.

ఇట్లు,
కోలారు జిల్లా పాఠకుడు