చీటీ లేనిదే బయానా లేదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పాత కార్లు కొనేవారికి, అమ్మేవారికి, రవాణా శాఖ అధికారులకు విజ్ఞప్తి



సూర్యాపేట మార్కెట్ యార్డులో వడ్లు రాశి పోస్తే ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. తేమ మిషన్ పెడతారు. 17 శాతం దాటితే ఆరబోసుకొమ్మంటారు. కాంటా అయ్యాక తక్‌పట్టీ రాసి చేతికిస్తారు. మిర్యాలగూడ మిల్లరైతే గింజను పంటికింద నొక్కి నూక ఎంత పడుతుందో చెప్పేస్తాడు. క్వింటాలు వడ్ల దగ్గర ఇంత పట్టింపున్న మనం, పదిహేను ఇరవై లక్షలు పోసి పాత ఆడీనో బీఎండబ్ల్యూనో కొనేటప్పుడు ఏం చూస్తున్నాం? రంగు, సన్‌రూఫు, సైలెన్సర్ చప్పుడు. "డాక్టరు గారు వాడిన బండి, సింగిల్ ఓనర్, ఇంజన్ మీద చెయ్యి పడలేదు" అని బ్రోకర్ అంటే తలూపి, యాభై వేలు బయానా ఇచ్చేసి వస్తాం. కాగితం అడగం. అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటం.

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. పాత కారు అమ్మే ప్రతివారూ దాని చరిత్ర ఒక్క పేజీలో రాసి, సంతకం పెట్టి, ముందు అద్దానికి అంటించాలి. ఆ చీటీ లేని బండికి మనలో ఎవరూ బయానా ఇవ్వకూడదు.

ఈ బండ్లు మన దాకా ఎట్ల వస్తున్నాయి

యాభై లక్షల జర్మన్ కారు ఆరేడేళ్ళకు మూడోవంతు ధరకు దిగడం మామూలే. కారు ధర దిగుతుంది గానీ దాని స్పేర్ల ధర దిగదు. టైరైనా, టర్బో అయినా, గేర్‌బాక్సు అయినా కొత్త కారు రేటే. 65వ నంబరు జాతీయ రహదారి మన గుమ్మం ముందు నుంచే పోతోంది. నాలుగు లేన్ల రోడ్డు, కాలు ఆనించగానే దూకే ఇంజన్ కలిస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. ఆ సరదా తప్పని మేం అనం. మాకూ ఉంది కాబట్టే ఇది రాస్తున్నాం.

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టూ ఆ మాటే నిలబెట్టింది. తర్వాత ఆ పట్టు కొంత సడలినా, అక్కడి బండ్లు చౌకగా దక్షిణాదికి దిగడం ఆగలేదు. "ఢిల్లీ రేటు" విని సంబరపడేవాళ్ళు అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేసుకోవాలి. చాలాసార్లు ఆ సంబరం అక్కడితో సరి.

రెండో దారి వరద. 2024 సెప్టెంబర్ 1 మర్చిపోయామా? కోదాడలో వీధులు వాగులై కార్లు కొట్టుకుపోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అదే వానకు బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. అవన్నీ తుక్కు కిందికే పోయాయని ఎవరైనా హామీ ఇవ్వగలరా? ఈ కార్లలో కంప్యూటర్ పెట్టెలు సీట్ల కింద, కార్పెట్ల కింద ఉంటాయి. నీళ్ళు తాగిన వైరింగు ఆర్నెల్ల దాకా బాగానే నడిచి, తర్వాత తుప్పు పట్టి ఒక్కో దీపమే వెలిగిస్తుంది. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి. కడిగినవాడు పైభాగమే కడుగుతాడు. లోపలి చుట్టలో బురద గీత అట్లాగే ఉంటుంది.

మాలో ఒకరి అనుభవం

కోదాడకు చెందిన మా మిత్రుడొకరు హైదరాబాదులో ఆరేళ్ళ పాత జర్మన్ సెడాన్ కొన్నారు. మీటరు 48 వేల కిలోమీటర్లు చూపింది. ఇంకో 42 వేలు కట్టి ఏడాదికి ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకున్నారు. "మొత్తం కవర్ సార్, కళ్ళు మూసుకుని నడపండి" అన్నాడు అమ్మినతను.

నాలుగో నెలలో ఒక రాత్రి మునగాల దగ్గర డాష్‌బోర్డు మీద ఎర్ర థర్మామీటరు గుర్తు వెలిగింది. కోదాడ ఇంకెంత, ఇంటికెళ్ళి చూద్దాంలే అనుకున్నారు. ఏసీ ఆపి మెల్లగా పోనిచ్చారు. ఊరి పొలిమేరలో ఇంజన్ ఆగిపోయింది. బానెట్ ఎత్తితే ఆవిరి, తియ్యటి కూలెంట్ వాసన. పగిలింది వాటర్ పంపు దగ్గరి ప్లాస్టిక్ ముక్క, వేలల్లో పోయే పని. కూలెంట్ లేకుండా కాగిపోయిన ఇంజన్ హెడ్డు మాత్రం వంగిపోయింది. బండిని ఫ్లాట్‌బెడ్ మీద హైదరాబాదు చేర్చాక వచ్చిన బిల్లు మూడు లక్షల పైమాట.

వారంటీ క్లెయిము తిరగ్గొట్టారు. కారణాలు రెండు చెప్పారు. హెచ్చరిక దీపం వెలిగాక కూడా నడపడం ఒకటి. పాత ఓనరు పద్నాలుగు నెలల పాటు కంపెనీ వర్క్‌షాపులో సర్వీసు చేయించకపోవడం ఇంకోటి. మొదటిది మావాడి తప్పే, ఒప్పుకుంటున్నాం. రెండోది అమ్మినవాడికి ముందే తెలుసు, తెలిసే ఆ వారంటీ అంటగట్టాడు. అదే వర్క్‌షాపు కంప్యూటర్లో రెండేళ్ళ కిందటి మీటరు రీడింగు కూడా బయటపడింది: 91 వేలు.

వారంటీ అంటే ఏమిటో విప్పి చూద్దాం

కారు తయారుచేసిన కంపెనీ ఇచ్చే పొడిగింపు ఒక రకం. డీలరు బయటి సంస్థతో కుదుర్చుకుని అమ్మేది ఇంకో రకం. "ఏదన్నా అయితే నేనున్నా" అనే నోటిమాట మూడో రకం. మూడోదాని విలువ చెప్పక్కర్లేదు. మొదటి రెంటిలో డబ్బు కట్టేముందు చూడాల్సినవి ఐదు.

కొత్త ఓనరు పేరు మీదికి అది మారుతుందా, మారితే ఎన్ని రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి? సర్వీసు మధ్యలో ఎక్కడైనా తప్పి ఉంటే చెల్లుతుందా? క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, రబ్బరు సామాను ఎట్లాగూ ఉండవు, ఇంకేమేం తీసేశారు? ఒక్కో క్లెయిముకు ఎంత వరకు ఇస్తారు, కూలి, టోయింగ్ అందులో ఉన్నాయా? ఐదోది జోరు బండ్లకు మరీ ముఖ్యం: ఇంజన్ కంప్యూటర్‌ను ఎవరైనా రీమ్యాప్ చేశారా? పికప్ కోసం పాత ఓనరు సాఫ్ట్‌వేర్ మార్పించి, అమ్మేముందు మళ్ళీ మొదటిది ఎక్కించినా, చాలా కార్లలో కంపెనీ స్కానర్‌కు ఆ జాడ దొరుకుతుంది. దొరికిన రోజు వారంటీ చెల్లదంటారు.

మన మూడు ఊళ్ళలోనూ ఈ బ్రాండ్ల అధికారిక వర్క్‌షాపు లేదు. హైదరాబాదుకో విజయవాడకో ఎత్తుకుపోవాల్సిందే. అందుకే టోయింగ్ లేని వారంటీ మనకు సగం వారంటీ.

చట్టం ఇప్పటికే ఇచ్చింది, అడిగేవాడే లేడు

పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలని కేంద్రం 2022 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. బండిని డీలరుకు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, అక్కడి నుంచి ఓనరు బాధ్యత డీలరుదే. బండి బయటికి తీసిన ప్రతిసారీ ట్రిప్పు రిజిస్టరులో రాయాలి. మీరు బండి ఇచ్చిన డీలరు దగ్గర ఆ పత్రం చూశారా?

అట్లా ఆన్‌లైన్‌లో తెలియజేయకుండా అమ్మేవాళ్ళకూ ఒక మాట. ఆర్‌సీలో మీ పేరున్నంత కాలం ప్రమాద పరిహారం బాధ్యత మీదేనని, బండి ఎన్ని చేతులు మారినా అంతేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి బ్రోకర్‌కు వదిలేస్తే నిద్ర పట్టని రాత్రులు మీకే. కొన్నవాళ్ళు 14 రోజుల్లో ఇన్సూరెన్సు పేరు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుతోనే పోతుంది, బండితో రాదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డీలరు ఎక్కడివాడైనా, మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. గడువు రెండేళ్ళు. సలహాకు 1915కు ఫోన్ చేయండి. ఏ ఫిర్యాదుకైనా కాగితమే ఆధారం. అద్దం మీది చీటీ ఆ కాగితం.

చీటీలో ఏముండాలి

1. నేటి మీటరు రీడింగు, పాత సర్వీసుల తేదీలు, ఒక్కోసారి ఉన్న రీడింగు.
2. ఎంతమంది ఓనర్లు, ఏ రాష్ట్రం బండి, ఎన్‌ఓసీ, లైఫ్ ట్యాక్స్ సంగతి.
3. ఫైనాన్స్ ఉందా, తీరితే బ్యాంకు ఫారం 35 ఇచ్చిందా, చలాన్లు ఎన్ని.
4. యాక్సిడెంటు, వరద, ఇన్సూరెన్సు క్లెయిములు: అయ్యాయి, కాలేదు, తెలియదు. మూడింటిలో ఒకటి.
5. ఇంజన్‌కు, సాఫ్ట్‌వేర్‌కు చేసిన మార్పులు.
6. వారంటీ ఎవరిది, ఎప్పటిదాకా, దేనికి వర్తించదు. తెలుగులో, పెద్ద అక్షరాల్లో.

ఇది నెలనెలా పాట పెట్టే చీటీ కాదు, రాయడానికి పావుగంట చాలు. అమెరికాలో డీలర్లు అమ్మే పాత కార్ల అద్దానికి ఇట్లాంటి కాగితం 1985 నుంచే అంటిస్తున్నారు. వారంటీ ఉందా, ఉన్నది ఉన్నట్టే అమ్ముతున్నారా అని అందులో ఉంటుంది, అది ఒప్పందంలో భాగమవుతుంది. బెల్జియంలో 2006 చివర నుంచి బండి మీటరు చరిత్ర పత్రం ఇవ్వకుండా అమ్మితే, కొన్నవాడు ఆ బేరాన్నే రద్దు చేయించవచ్చు.

అధికారులను కోరేది

మన ప్రాంతంలో అధికార పత్రం ఉన్న పాత కార్ల డీలర్ల జాబితాను ప్రతి రవాణా కార్యాలయం గోడ మీద తెలుగులో అంటించండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే ప్రతిసారీ మీటరు రీడింగు ఆన్‌లైన్‌లో ఎక్కించేలా రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించాలి. ఏటా ఒక అంకె నమోదైతే, 91 వేలను 48 వేలు చేసే చేతివాటం ఆ రోజే పట్టుబడుతుంది.

డీలర్లు, బ్రోకర్లు మమ్మల్ని శత్రువులుగా చూడొద్దు. "చీటీ పెడితే బేరం పోతుంది" అంటారా? పోయేది దాచిపెట్టే బండి బేరమే. మంచి బండిని న్యాయమైన ధరకు అమ్మే అన్నకు, ఎదురుగా సెంటు కొట్టిన వరద బండి లక్ష తక్కువకు పెట్టి కూర్చున్నవాడే అసలు శత్రువు. చీటీ వస్తే ఆ లక్ష తేడా ఎందుకో కొనేవాడికి అర్థమవుతుంది. తెలియని సంగతి "తెలియదు" అని రాయండి. అదీ నిజాయితీయే.

కొనేవాళ్ళం మనమూ బాధ్యత పడాలి. బయానాకు ముందు రెండు మూడు వేలు ఖర్చయినా సరే, కంపెనీ స్కానర్ ఉన్న చోట బండిని చూపిద్దాం. కారు ధరలో పదో వంతు మొదటి ఏడాది రిపేర్లకు పక్కన పెట్టలేకపోతే ఆ కారు మన తాహతుది కాదనుకుందాం. ఎర్ర దీపం వెలిగితే బండి అక్కడికక్కడే ఆపుదాం, అర్ధరాత్రయినా సరే. నీళ్ళలో ఆగిన బండికి మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు.

ఈ ఆదివారం మీ వీధిలో ఎవరైనా పాత కారు చూడ్డానికి పోతుంటే ఈ కాగితం చేతికివ్వండి. యార్డులో తక్‌పట్టీ లేకుండా ఏ రైతూ ఇంటికి పోడు. మనమూ చీటీ చేతికి రాందే జేబులోంచి బయానా తీయొద్దు.

ఇట్లు,
పాత కార్లు కొని, నడిపి, దెబ్బతిని నేర్చుకున్న
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాహనదారులు కొందరు

(చదివాక పారేయకండి. ఇంకొకరికి ఇవ్వండి.)