మాట పడిపోతే ఏ భాషలో లేపాలి?

పక్షవాతం వచ్చిన మనిషి గురించి మన ఇళ్లల్లో ఎట్లా చెప్పుకుంటామో గమనించండి. కాలు పడిపోయింది, చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది అంటాం. మూడింటికీ క్రియ ఒక్కటే. కానీ చెయ్యి పడిపోతే వైద్యం కోసం తిరుగుతాం. ఫిజియోథెరపీ అనే మాట ఇప్పుడు హుమ్నాబాద్‌లో చదువురాని వాళ్లకూ తెలుసు. మాట పడిపోతే మాత్రం "ఇంకేం చేస్తాం, దేవుడి దయ" అని ఊరుకుంటాం. మాటకూ వైద్యం ఉంది. అందులో తెలుగు చదివే మనకూ కొంత పని ఉందని నా అభిప్రాయం.

మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా, బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినా, ఆ దెబ్బ ఎడమ వైపున అయితే చాలామందికి భాష పోతుంది. దీన్ని అఫేసియా అంటారు. మనిషికి మతి పోదు. ఎదురుగా ఉన్నది చెంబని తెలుసు, దానితో ఏం చేస్తారో తెలుసు, "చెంబు" అన్న మాటే నోటికి రాదు. ఇంకొందరు గలగలా మాట్లాడతారు గానీ అందులో అర్థం ఉండదు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు వర్ణించిన రోగి "టాన్" అనే శబ్దం తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడు, ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. మనవాళ్లు ఇట్లాంటివాళ్లను చూసి పిచ్చి అనుకుంటారు, లేదా చెవుడనుకుని గట్టిగా అరుస్తారు. ఇంట్లో పెద్దావిడకు వస్తే మరీ అన్యాయం. ఆమె మాట్లాడకపోయినా ఎవరి పనీ ఆగదు కదా! మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అఫేసియా పేరెత్తి మరీ, దానివల్ల శాశ్వతంగా మాట పోవడాన్ని వైకల్యంగా గుర్తించింది. ఇంట్లో మనం ఇంకా గుర్తించలేదు.

ఈ వైద్యానికి మందుబిళ్ల లేదు. ఒకరు ఎదురుగా కూర్చుని, బొమ్మ చూపించి, సగం మాట అందించి, మిగతా సగం రాబట్టాలి. మొదటి కొన్ని నెలల్లో ఎక్కువ మార్పు కనిపిస్తుంది, తర్వాత కూడా నిదానంగా వస్తూనే ఉంటుంది. వారానికి ఒక గంట ఏ మూలకూ చాలదు. విశ్వవిద్యాలయాలు ఇక్కడే పనికొస్తాయి. చదువుకునే పిల్లలు గురువుల పర్యవేక్షణలో రోగులతో కూర్చుంటారు. రోగికి సమయం దొరుకుతుంది, పిల్లలకు విద్య వస్తుంది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, బెంగళూరులోని నిమ్హాన్స్ ఇట్లా చదువునూ చికిత్సనూ ఒక్కచోట పెట్టిన సంస్థలే. కాకపోతే రెండూ రాష్ట్రానికి ఆ కొసన ఉన్నాయి. మనకు దగ్గరున్నవి బీదర్, కలబురగిలలోని ప్రభుత్వ వైద్య కళాశాలలు.

దూరం ఒక్కటే కాదు, భాష కూడా అడ్డమే. చెయ్యి ఎత్తమని ఏ భాషలో చెప్పినా, సైగ చేసినా రోగి ఎత్తుతాడు. మాట వైద్యంలో భాషే మందు. హుమ్నాబాద్‌లో కన్నడం, మరాఠీ, దక్కనీ, తెలుగు ఒకే వీధిలో వినిపిస్తాయి. 1956 దాకా జహీరాబాద్, నారాయణఖేడ్ కూడా మన బీదర్ జిల్లాలోనివే. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం మాట్లాడిన మనిషికి ముందు ఏ మాట తిరిగొస్తుందో ఎవరు చెప్పగలరు? హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతం, ఒకటికి మించి భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం. అయితే అఫేసియా మాత్రం ఇద్దరికీ దాదాపు ఒకే లెక్కన వచ్చింది. నాలుగు భాషల ఊళ్లో పుట్టినందుకు మనకు కొంత కాపుదల ఉందేమో గానీ, మాట పోదన్న భరోసా లేదు.

పాశ్చాత్య దేశాల్లో తయారైన ఒక ప్రసిద్ధ పరీక్షలో రోగికి ఓ బొమ్మ చూపించి వర్ణించమంటారు. సరస్సు పక్కన పిక్నిక్, తెరచాప పడవ, గాలిపటం! జొన్న రొట్టెలు చేస్తూ బతికిన అమ్మమ్మ ముందు ఆ బొమ్మ పెడితే నోరున్నా ఏం చెబుతుంది? తెలుగు క్రియ చివర వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని మారుతుంది కదా, ఇంగ్లీషు పరీక్షను మక్కీకి మక్కీ దించితే ఆ సంగతి పట్టుబడదు. పుస్తకాల తెలుగుతోనూ చిక్కే. బొమ్మ చూసి ఆమె "దర్వాజ" అంటే, కాగితం మీద "తలుపు" అని రాసుకున్నవాళ్లు తప్పు వేస్తారు. ఆమె చెప్పింది నూటికి నూరు పాళ్లు ఒప్పు.

పాట సంగతి మరో వింత. మాట రాని మనిషి పాట పాడగలగడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. 1970లలో బోస్టన్‌లో దీని మీదే ఒక పద్ధతి తయారుచేశారు. "నీళ్లియ్యి" లాంటి చిన్న మాటను రాగంలో పెట్టి, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ పలికించి, మెల్లగా రాగం తీసేస్తారు. మాణిక్‌నగర్ భజనలు వింటూ పెరిగిన ఊరు మనది. ఇక్కడి పెద్దవాళ్ల నాలుక మీద ఎన్ని పాటలుంటాయో లెక్క కట్టినవాళ్లు లేరు.

"మనం డాక్టర్లమా?" అని క్లాసులో కొందరు అడుగుతున్నారు. కాదు. రోగి దగ్గర కూర్చుని వైద్యం చేయడం మన పని కాదు, చేయకూడదు కూడా. శిక్షణ పొందిన వాళ్లకు మన ఊరి తెలుగు అందించడం మన పని. ఇళ్లల్లో రోజూ వాడే మాటలు, వాటికి బొమ్మలు, పెద్దవాళ్లకు నోటికొచ్చిన పాటలు, సామెతలు పోగుచేసి, బీదర్ వైద్య కళాశాలకు మన శాఖ తరఫున ఒక ఉత్తరం రాయాలి. ప్రతి సెమిస్టరూ పాత ప్రాజెక్టులనే తిరగరాసే బదులు ఒక్కసారి దీన్ని తీసుకోమని మేడమ్‌లను అడుగుతున్నాను.

మొదటి నూరు మాటల జాబితా నేను మొదలుపెట్టాను. దర్వాజ, గిలాస, బువ్వ దాకా వచ్చాను. వీటిని మీ ఇంట్లో ఏమంటారో ఈ కాగితం కింద ఖాళీలో పెన్సిల్‌తో రాయండి. ఎవరు అంటారో కూడా రాయండి, అమ్మమ్మా, నాయనమ్మా అని.