కొత్తగా షుగరు తెలిసిన వారికి ఫోను ఏం చెప్పాలి?

ప్రశ్న: నేను బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. తెనాలిలో వుంటున్న మా అమ్మకు (54 సం॥లు) రెండు నెలల క్రితం షుగరు వ్యాధి వున్నట్లు తేలింది. డాక్టరు గారు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వ్రాశారు. నేను ఫోనులో ఒక ఆరోగ్య యాప్ పెట్టి ఇచ్చాను. మూడు వారాలు వాడి మానేసింది. పరగడుపున 238 వున్న షుగరు 152కి వచ్చింది కూడా. అయినా, “ఎప్పుడు చూసినా ఎర్రగానే చూపిస్తోంది, ఇక నావల్ల కాదురా” అంటోంది. ఇటువంటి వారి కోసం మా మిత్రులం తెలుగులో ఒక యాప్ తయారు చేయాలనుకుంటున్నాం. ఏమేమి వుండాలి?
— ఒక పాఠకుడు, బెంగుళూరు

జవాబు: మీ అమ్మగారిది మొండితనం కాదు, భయం. 238 నుంచి 152కి రావడం మంచి గుణం. ఆ మంచిని కూడా యాప్ ఎర్రరంగులో చూపించింది. ముందు మీరు సరిచేయవలసింది ఇదే.

దీర్ఘవ్యాధి అని తెలిసిన కొత్తలో చాలామందికి “జీవితాంతం మందులు” అన్న మాట తర్వాత డాక్టరు చెప్పినదేదీ చెవికెక్కదు. అలాంటి మనిషికి యాప్ తెరవగానే ఇరవై ప్రశ్నలు, క్యాలరీల లెక్కలు, కళ్ళు పోతాయి, మూత్రపిండాలు పోతాయి అనే హెచ్చరికలు ఎదురైతే గోరుచుట్టు మీద రోకటిపోటే. కనుక ఈ విషయాలు గుర్తుంచుకోండి.

1. రోజుకు ఒక్క సంగతి చెప్పండి. మొదటిరోజు మాత్రల వేళలు చాలు. మెట్‌ఫార్మిన్ భోజనంతో వేసుకోవాలి. తొలి రోజుల్లో కొందరికి కడుపులో తిప్పడం, విరేచనాలు వుంటాయి; సాధారణంగా క్రమేణా తగ్గుతాయి. ఈ ముక్క ముందుగా చెప్పకపోతే “మందు పడలేదు” అనుకుని మానేస్తారు. ఒక పూట మరచిపోతే మరుపూట రెండు మాత్రలు వేసుకోకూడదని కూడా చెప్పాలి.

2. ప్రమాద సూచనలు మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాలలో వుండాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగరు మరీ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి, ముఖ్యంగా భోజనం ఆలస్యమైనా, ఉపవాసం వున్నా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక దాని గుర్తులు. షుగరు 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంటర్నెట్ లేకపోయినా ఈ పేజీ తెరుచుకోవాలి.

3. అంకె పక్కనే అర్థం చెప్పండి. చాలామంది పెద్దలకు పరగడుపున 80–130, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు వుండేలా లక్ష్యం పెడతారు. ఎవరి లక్ష్యం ఎంతో వారి డాక్టరు నిర్ణయించాలి. పెళ్ళిభోజనం చేసిన రోజున 210 వస్తే కొంప మునగదు. రెండు మూడు నెలల సగటును చెప్పేది హెచ్‌బిఎ1సి పరీక్ష. “నిరుటి వారం కంటే తగ్గింది” అన్న ఒక్క వాక్యం పది రంగుల గీతల కంటే మేలు.

4. ఆహారం మన వంటింటిది కావాలి. ఓట్సు, ఆలివ్ నూనె చూపిస్తే “ఇది డబ్బున్న వాళ్ళ జబ్బు” అనుకుంటారు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు పప్పు, గుడ్డు లేదా చేప. పావు అన్నం గానీ జొన్నరొట్టె గానీ. బొమ్మ వేసి చూపించండి. చదవలేని వారి కోసం మాటల్లో వినిపించండి.

5. వివరాలు ఎవరు చూడాలో రోగే నిర్ణయించాలి. అమ్మగారి అంకెలు ఆమె అనుమతి లేకుండా కొడుకు ఫోనుకు కూడా చేరకూడదు. ప్రకటనల వాళ్ళకు అసలే చేరకూడదు.

మందు మోతాదు మార్చే పని యాప్ చేయకూడదు. అది డాక్టరు పని. తయారయ్యాక మీ ఆఫీసు వాళ్ళ చేత కాదు, ఈ మధ్యే జబ్బు తెలిసిన పదిమంది చేత వాడించి, ఎక్కడ విసుగొచ్చి ఫోను పక్కన పెడుతున్నారో చూడండి.

ఇక అమ్మగారి సంగతి. యాప్ మానేస్తే నష్టం లేదు. మాత్రలు మానలేదు కదా? అది ముందు కనుక్కోండి. వేలికి సూది ఎన్నాళ్ళకొకసారి గుచ్చుకోవాలో వారి డాక్టరును అడగండి. మాత్రల మీద వున్న వారందరికీ రోజూ అవసరముండదు. వచ్చే నెలకు మూడు నెలలు నిండుతాయి కనుక హెచ్‌బిఎ1సి చేయించండి. కంటిపాప వెనుక పరీక్ష, పాదాల పరీక్ష, మూత్రపరీక్ష జబ్బు తెలిసినప్పుడే చేయించాలి. చేయించకపోతే ఇప్పుడైనా చేయించండి. ఫోన్ చేసినప్పుడు “ఎంత వచ్చింది?” అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. 152 అంటే ఆమె సాధించిన మేలు అని ఈసారి మీరే చెప్పండి.